కేజీ అంటే తోట.. ఆ పేరు పెట్టిన పంతులు ముచ్చట

పొద్దుగాల ఎనిమిది కొట్టకముందే ఊర్లకు పసుపు బస్సు వస్తది. మూడేండ్లు, నాలుగేండ్ల పోరగాండ్లు మెడల టై, ఈపున సంచి, నిద్ర కండ్లతోని బస్సెక్కుతరు. ఏం సదువుతున్నడని అడిగితే ఎల్కేజీ అంటరు, యూకేజీ అంటరు. ఆ కేజీ అంటే ఏందని అడిగితే మాత్రం శానమంది ఆలోచనల పడ్తరు.

కేజీ అంటే కిండర్‌గార్టెన్. అది జర్మన్ మాట. కిండర్ అంటే పిల్లలు, గార్టెన్ అంటే తోట. రెండు కలిపితే పిల్లల తోట. పేరుకు తోటనే గానీ, లోపటికి పోయి చూస్తే శాన కాడ బెంచీలు, నాలుగు గీతల కాపీలు, చేతుల పెన్సిల్. మట్టిల చెయ్యి పెడితే అంగీ ఖరాబైందని తిట్లు.

ఆ పేరు పెట్టినాయన పోయి 170 ఏండ్లు దాటింది. ఆయన తోట అన్నది ముద్దుకు కాదు. నిజంగనే మడులు తవ్వించి, పసిపిల్లల చేతుల ఇత్తనాలు పెట్టిండు. అంతటి పనికి సర్కార్ బంద్ పెట్టింది. ఆయన బతుకు ఒక్కసారి సదివితే, మనం పేరు ఉంచుకొని ఏం పారేసుకున్నమో సమజైతది.

తల్లి లేని పిల్లగాడు

ఫ్రీడ్రిక్ ఫ్రోబెల్ 1782 ఏప్రిల్ 21న పుట్టిండు. ఊరు ఓబర్‌వైస్‌బాఖ్. థురింగియా అనే అడవి సీమల చిన్న పల్లె. అప్పటికి జర్మనీ ఒక్క దేశం కాదు, చిన్నచిన్న రాజ్యాలుగ ఉండె. నాయిన చర్చిల పాస్టర్. పిల్లగానికి తొమ్మిది నెలలు నిండేసరికి అవ్వ సచ్చిపోయింది. నాయినకు చర్చి పనే సరిపోయేది, కొడుకును దగ్గరకు తీసే తీరిక లేకుండె.

కొన్నేండ్లకు నాయిన మళ్ల పెండ్లి చేసుకున్నడు. మారుతల్లి మొదట్ల మంచిగనే చూసింది. ఆమెకు కొడుకు పుట్టినంక లెక్క మారింది. మన తెలుగుల లెక్కనే జర్మన్‌ల కూడా దగ్గరోళ్లను నువ్వు అని పిలిచే మాట ఒకటి, పరాయోళ్లను, పనోళ్లను పిలిచే మాట ఇంకోటి ఉండె. ఆమె నువ్వు అనుడు బంద్ చేసి, ఆ పరాయి మాటతోని పిల్వబట్టింది. కొట్టలే, ఉపాసం ఉంచలే. ఒక్క పిలుపు మార్చింది, గంతే. ఫ్రోబెల్ 45 ఏండ్ల వయసుల రాసుకున్న ఉత్తరంల కూడా ఆ సంగతి మర్వలే. పసితనంల తాకిన దెబ్బ ఎంత లోతుకు పోతదో ఆయనకు పుస్తకాలు సదివి తెల్వలే, పానం మీదికి వచ్చి తెల్సింది.

ఆ పిల్లగానికి దొరికిన తోడు తోట. ఇంటి కాడి మొక్కలు చూసుకుంట, గడ్డి పీకుకుంట పొద్దు గడిపేటోడు. అన్న క్రిస్టోఫ్ ఊరికొచ్చినప్పుడు మొక్కలల్ల కూడా ఆడ పువ్వు, మగ పువ్వు ఉంటయని చెప్పిండు. ఇగ ఆ దినం కాన్నుంచి హేజెల్ చెట్టు పూతను చూసుడే పని. అక్షరాలు మాత్రం తొందరగ ఎక్కలే. సదువు చెప్పబోయిన నాయిన ఇసిగిపోయి వీడు మొద్దు అనుకున్నడు. ఊరి ఆడపిల్లల బడిల ఏసిండు.

పదేండ్లప్పుడు, 1792ల, మేనమామ తోల్కపోయిండు. స్టాడ్ట్‌ఇల్మ్ అనే పట్నంల ఆయన ఇల్లు. ఆడ కట్టుబాట్లు తక్వ, నమ్మకం ఎక్వ. తోటి పిల్లగాండ్లతోని ఉరుకుడు, ఆడుడు అప్పుడే మొదలైంది. మొద్దు అనిపించుకున్న పిల్లగాడే అక్కడ మంచిగ సదివిండు. పిల్లగాడు మారలే, జాగ మారింది.

పని వస్తది గానీ నేర్పుడు రాదు

15 ఏండ్లకు, 1797ల, ఒక అడవి అధికారి కాడ పని నేర్చుకునేతందుకు పెట్టిండ్రు. రెండేండ్లు ఉన్నడు. ఆ అధికారికి అడవి పని మస్తు ఎర్క. కానీ ఎర్క ఉన్నది ఇంకొకలకు చెప్పుడు రాదు. ఫ్రోబెల్ ఒక్కడే చెట్ల నడుమ తిరుక్కుంట, ఆకులు, పూలు పోల్చుకుంట, దొరికిన పుస్తకాలు సదువుకుంట నేర్చుకున్నడు. పని తెల్సుడు వేరు, నేర్పుడు వేరు అని ఆడనే అర్థమైంది.

1799ల యేనా యూనివర్సిటీకి పోయిండు. పైసలు సాల్లే. అప్పు కట్టలేక యూనివర్సిటీ జైలుల తొమ్మిది వారాలు ఉన్నడు. సదువు నడుమల ఆగింది. 1802ల నాయిన సచ్చిపోయిండు. ఆ తర్వాత దొరికిన పనల్లా చేసిండు. అడవి ఆఫీసుల గుమస్తా, భూమి కొలిచేటోడు, జమీందార్ల కాడ లెక్కలు రాసేటోడు. 23 ఏండ్లు వచ్చినా ఏ పనిల నిల్వలే. డిగ్రీ ఆగిపోయి, చిన్నచిన్న పనులు చేసుకుంట ఊర్ల తిరిగే పిల్లగాండ్లకు ఈ బతుకు కొత్తది కాదు.

1805ల ఇండ్లు కట్టే సదువు సదువుదామని ఫ్రాంక్‌ఫర్ట్ పోయిండు. ఆడ గ్రూనర్ అనే హెడ్‌మాస్టర్ కల్సిండు. నువ్వు ఇండ్లు కట్టుడు కాదు, బడిల పిల్లలకు సదువు చెప్పు అని తన బడిల నౌకరీ ఇచ్చిండు. మొదటి దినం పిల్లల ముందు నిలబడంగనే ఫ్రోబెల్‌కు తన జాగ దొరికినట్టయింది. శానేండ్లు ఒడ్డున కొట్టుకున్న చాప నీళ్లల్ల పడ్డట్టు.

అరక్కుంట అరక్కుంట పోయిండు

ఆ కాలంల పిల్లల సదువుకు పెద్ద పేరు పెస్టలోజీది. స్విట్జర్లాండ్‌ల ఇవర్డాన్ అనే ఊర్ల ఆయన బడి ఉండె. బట్టీ పట్టుడు కాదు, కండ్లతోని చూసి, చేత్తోని చేసి నేర్వాలె అనేది ఆయన పద్ధతి. ఫ్రోబెల్ ఒక పెద్దింటి ముగ్గురు కొడుకులకు ఇంటి పంతులుగ కుదిరిండు. ఆ పిల్లల నాయిన వాళ్లకు కొంత భూమి ఇచ్చిండు. పంతులు, పిల్లలు కల్సి దాన్ని సాగు చేసిండ్రు. తాము పండించినది అవ్వ నాయినకు తెచ్చి ఇచ్చేటప్పుడు ఆ పిల్లల మొకాలు ఎట్ల ఎలిగినయో ఫ్రోబెల్ చూసిండు. పిల్లల తోట అనే ఇత్తనం బహుశా ఆడనే పడ్డది.

ఆ ముగ్గురిని తీస్కొని 1808 నుంచి 1810 దాక పెస్టలోజీ కాడనే ఉన్నడు. మస్తు నేర్చుకున్నడు. కానీ ఒక్కటి వెలితి అనిపించింది. ఆడ పాఠాలు దేనికవే ముక్కలుగ ఉన్నయి, ఒకదాన్తోని ఒకటి కల్వలే. ఆ కలిపే దారం ఏందో ఎతుక్కుంట 1811ల గోటింగెన్, 1812ల బెర్లిన్ పోయిండు. బెర్లిన్‌ల వైస్ అనే ప్రొఫెసర్ కాడ రాళ్లు, స్ఫటికాల శాస్త్రం సదివిండు. ఉప్పు రవ్వ అయినా, గట్టి రాయి అయినా లోపట ఒక పద్ధతితోనే పెరుగుతదని చూసిండు. మొక్క కూడా అట్లనే, పిల్లగాడు కూడా అట్లనే, ఎవలు బయటకెంచి గుంజితే పెరగరు, లోపటి పద్ధతితోని పెరుగుతరు అని ఆయన నమ్మిండు. ఆయన పాస్టర్ కొడుకు. అన్నింటిల నడిచే ఆ పద్ధతి దేవునిదే అనేటోడు.

1813ల నెపోలియన్ మీద లడాయికి పోయిండు. ఆడ మిడెండార్ఫ్, లాంగెథాల్ అనే ఇద్దరు దోస్తులు దొరికిండ్రు. శానేండ్లు తోడున్న దోస్తులు. అదే యేడు, పువ్వుల సంగతి చెప్పిన అన్న క్రిస్టోఫ్ సైనికులకు సేవ చేసుకుంట జ్వరం తగిలి సచ్చిపోయిండు. ముగ్గురు కొడుకులు మిగిలిండ్రు. వాళ్ల సదువు సంగతి చూడమని వదిన అడిగింది. బెర్లిన్ మ్యూజియంల నౌకరీ ఇడిచిపెట్టి 1816ల ఫ్రోబెల్ ఊరికి వచ్చిండు. అన్నదమ్ముల పిల్లలు ఐదుగురితోని బడి పెట్టిండు. 1817ల ఆ బడిని కైల్‌హౌ అనే పల్లెకు మార్చిండు.

కైల్‌హౌల కొండలే తరగతి

కైల్‌హౌ చుట్టూ కొండలు, వాగులు. పిల్లగాండ్లు కొండలు ఎక్కేటోళ్లు, వాగుకు కట్టలు కట్టేటోళ్లు, మొక్కలు, రాళ్లు ఏరుకొచ్చి జత చేసేటోళ్లు. తోటపని, కట్టెపని సదువుల భాగమే. దోస్తులు ఇద్దరు కూడా వచ్చి పంతుళ్లయిండ్రు. 1826ల తన పద్ధతి మీద పెద్ద పుస్తకం అచ్చేసిండు. పంతులు పిల్లలను వారం వారం బయటికి తోల్కపోవాలె, అది మందను తోలినట్టు ఉండొద్దు, ఒక ఇంటోళ్లు కల్సి పోయినట్టు ఉండాలె అనేది దాన్ల ఒక ముచ్చట.

పైసలు మాత్రం ఎన్నడు సాల్లే. సర్కారోళ్లకు అనుమానం కూడా వచ్చింది. ఈ బడిల ఏదో తిరుగుబాటు నేర్పుతున్నరని తనిఖీ పంపిండ్రు. వచ్చిన అధికారి మెచ్చుకొని రాసిండు. అయినా ఒకసారి ఊరంత అనుమానం పాకినంక ఎవలు ఆపుతరు? పిల్లలను తీసుకపోయిండ్రు. 60 మంది దాక ఉన్న బడి, కొన్నేండ్లకు చేతి వేళ్ల మీద లెక్కపెట్టేటంత అయ్యింది. 1831ల ఫ్రోబెల్ మళ్ల స్విట్జర్లాండ్ పోయిండు.

అక్కడ బుర్గ్‌డోర్ఫ్ అనే ఊర్ల 1835ల అనాథ పిల్లల ఆశ్రమం చూసుకున్నడు. పంతుళ్లకు శిక్షణ ఇచ్చిండు. బడికి వచ్చే ఆరేడేండ్ల పిల్లలను చూస్తే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనబడ్డది. బడికి వచ్చేసరికే సగం పని అయిపోయింది. కొందరి ఆసక్తి అప్పటికే ఎండిపోయింది. అట్లయితే అసలు పని బడి కంటే ముందు ఉన్నది. మూడేండ్లు, నాలుగేండ్లు, ఐదేండ్ల కాడ. తన చిన్నతనం ఆయనకు యాదికి రాకుండ ఎట్ల ఉంటది?

58 ఏండ్లకు దొరికిన పేరు

భార్య హెన్రియెట్టె పానం బాగలేక 1836ల తిరిగి వచ్చిండు. 1837ల కైల్‌హౌ పక్కన బ్లాంకెన్‌బుర్గ్‌ల పసిపిల్లల కోసం కొత్త పని మొదలుపెట్టిండు. 1839ల భార్య పోయింది. ఆ దుఃఖంల కూడా పని ఆగలే. పని నడుస్తున్నది గానీ మంచి పేరు దొరకలే. ఒకనాడు దోస్తులతోని కొండ దిగి నడుసుకుంట పోతుంటే, కింద లోయ తోట లెక్క కనబడ్డదట. అప్పుడు తట్టింది, కిండర్‌గార్టెన్. బడి అనే మాట ఆయన కావాలనే పెట్టలే.

1840 జూన్ 28న ఆ పేరును నలుగురి ముందు చెప్పిండు. ఆ దినం అచ్చుయంత్రం తెచ్చిన గుటెన్‌బర్గ్‌కు 400 ఏండ్ల పండుగ. పుస్తకాల పండుగ నాడు, పుస్తకం లేని సదువు మొదలైంది. అక్షరం వద్దని ఆయన అన్లే. ముందు వస్తువు, అటెన్క పేరు, ఆఖరుకు గీత అన్నడు. చిక్కుడు గింజ ముట్టుకున్నోనికి చిక్కుడు అనే మాట బరువుంటది.

తోట ఎట్లుండె అంటే, నడుమ ఒక్కొక్క పిల్లకు ఒక్కొక్క చిన్న మడి. చుట్టూ అందరి ఉమ్మడి జాగ. ఉమ్మడి జాగల ఒక దిక్కు పూలు, ఒక దిక్కు కూరగాయలు, పంటలు. తన మడిల పిల్ల ఏం పెట్టుకున్నా తన ఇష్టం. ఎక్వ నీళ్లు పోసి ఖరాబు చేసుకున్నా తన ఇష్టమే, మడే పాఠం చెప్తది. ఉమ్మడి జాగల మాత్రం అందరితోని కల్సి, వంతుల ప్రకారం చెయ్యాలె. నాది ఏంది, మనది ఏంది అనేది ఉపన్యాసం లేకుండ మట్టిల నేర్చుకునుడు అది. మొక్క పేరు, పిల్ల పేరు రాసి మడి కాడ పెట్టేటోళ్లు.

వాన పడ్డనాడు లోపట ఆటలు. దారం కట్టిన ఆరు రంగుల ఊలు బంతులు, కట్టె బంతి, కట్టె ఘనం, కట్టె స్తంభం. ఎనిమిది ముక్కలయ్యే ఘనం. కాగితం మడతలు, మట్టి బొమ్మలు. నానబెట్టిన బటానీ గింజలకు పుల్లలు గుచ్చి ఇండ్లు, మంచాలు కట్టుడు. వాటిని ఆయన బహుమానాలు, పనులు అని పిలిచేటోడు. అవ్వలు పిల్లలతోని పాడుకునే ఆటపాటల పుస్తకం కూడా తెచ్చిండు.

ఇదంత నడవాలెనంటే పంతులమ్మలు కావాలె. ఆడపిల్లలకు శిక్షణ ఇచ్చి పంతులమ్మలను చేసే పని పెట్టుకున్నడు. అప్పట్ల ఇంటిపని దాటి ఆడోళ్లకు దొరికే నౌకరీలు మస్తు తక్వ. ఎక్కిరించినోళ్లు ఎక్వనే. తోట కోసం వాటాలు అమ్మవోతే కొన్నోళ్లు కొద్దిమందే.

ముసలి పిచ్చోడు, సర్కార్ బంద్

1849ల లీబెన్‌స్టైన్ అనే ఊరికి పోయిండు. అప్పటికి 67 ఏండ్లు. ఊరి పిల్లలను జమ చేసి, చేతులు పట్టుకొని గుండ్రంగ తిరుక్కుంట ఆడేటోడు. ఊరోళ్లు ముసలి పిచ్చోడు అన్నరు. ఆ ఊరికి వచ్చిన మారెన్‌హోల్ట్జ్ బ్యూలో అనే పెద్దింటామె ఆ మాట ఇని, చూద్దామని పోయింది. పోయి చూసినంక ఆ పని ఇడవలే. ఆయన పోయినంక దేశాలు తిరిగి ఆ పద్ధతి చెప్పింది ఆమెనే.

1851ల తన దగ్గర శిక్షణ తీసుకున్న లూయిసా లెవిన్‌ను రెండో పెండ్లి చేసుకున్నడు. అదే యేడు ఆగస్టు 7న ప్రష్యా సర్కార్ కిండర్‌గార్టెన్లను బంద్ చేసింది. ఇవి పిల్లలకు దేవుడు లేడని, సోషలిజం అని నేర్పుతున్నయని నింద. అన్న కొడుకు కార్ల్ ఫ్రోబెల్ ఒక పుస్తకం రాసిండు. ఇంటిపేరు ఒక్కటే ఉండేసరికి ఆయన రాతను ఈయన మెడకు కట్టిండ్రు. దేవుని నమ్ముకొని బతికిన మనిషి మీద దేవుడు లేడన్నడనే నింద. తప్పు జరిగిందని మొర పెట్టుకున్నా సర్కార్ ఇన్లే.

1852 జూన్ 21న, 70 ఏండ్ల వయసుల ఫ్రోబెల్ పోయిండు. అప్పటికి బంద్ నడుస్తనే ఉన్నది. 1860ల ఎత్తేసిండ్రు. ష్వైనా అనే ఊర్ల ఆయన సమాధి మీద ఘనం, స్తంభం, బంతి ఒకదాని మీద ఒకటి పెట్టిండ్రు. పిల్లల ఆటసామానే ఆయనకు గుర్తు.

బంద్ పెట్టినంక ఆయన కాడ నేర్చుకున్న ఆడోళ్లు వేరే దేశాలకు పోయిండ్రు. పోయిన కాడల్లా తోట పెట్టిండ్రు. 1856ల అమెరికాల, వాటర్‌టౌన్ అనే ఊర్ల, మార్గరెథె షుర్ట్స్ ఒకటి తెరిచింది. 1876ల జపాన్‌ల కూడా వచ్చింది. అమెరికాల పెద్ద పేరున్న ఇండ్ల డిజైనర్ ఫ్రాంక్ లాయిడ్ రైట్, చిన్నప్పుడు అవ్వ తెచ్చిచ్చిన ఫ్రోబెల్ కట్టె ముక్కలతోనే తన చెయ్యి కుదిరిందని చెప్పుకునేటోడు.

తప్పులు లేవని కాదు. ఆయన రాతలు చిక్కుముడి లెక్క ఉంటయి, సదివేటోనికి సుక్కలు కనబడ్తయి. ఆయన పోయినంక కొందరు ఆ కట్టె ముక్కల ఆటను కూడా కవాతు చేసిండ్రు. చెప్పిన వరుసల పెట్టు, తియ్యి, మళ్ల పెట్టు. ఆటను పట్టుకొని తోటను ఇడిచిపెట్టిండ్రు. తోట పోయినంక కాపీ, బెంచీ వచ్చుడు ఎంతసేపు?

మన ఊర్ల ముచ్చట

మనకాడ కేజీ అనే పేరుకు వేలకు వేలు ఫీజు కడ్తున్నం. తోట లేని తోటకు. గమ్మత్తు ఏందంటే, పట్నంల ఈ సదువు కావాలంటే కుండీ కొనాలె, మట్టి కొనాలె. మన పిల్లల గడప దాటితే చేను. వాన పురుగు, ఉడుత, చీమల బారు, గొర్ల మంద అన్నీ ఇంటి ముందే. వాటి నడుమకెంచే బస్సు ఎక్కించి, గదిల కూసోబెట్టి, యాపిల్ బొమ్మ చూపెట్టి రంగు ఏయమంటున్నం.

పెద్దోళ్ల బాధ కూడా తెల్సిందే. మట్టిల మేం కష్టపడ్డది సాలు, మా పిల్లలకు మట్టి అంటొద్దు అంటరు. ఆ మాటల నిజం ఉన్నది. కానీ కైకిలికి మట్టి తవ్వుడు వేరు, తన గింజ మొలకెత్తిందా అని పొద్దున లేవంగనే ఉరుకుడు వేరు. ఫ్రోబెల్ పిల్లలను రైతులను చేస్తా అన్లే. చూసేటోళ్లను, అడిగేటోళ్లను, ఓపిక పట్టేటోళ్లను చేస్తా అన్నడు. రేపు ఇంజినీర్ అయినా, డాక్టర్ అయినా ఆ మూడే కావాలె.

ఊర్ల సదువుకున్న తమ్ముండ్లు, చెల్లెండ్లు ఇది సదువుతున్నరు కదా. మీ అంగన్‌వాడీ ఎనుక నాలుగు అడుగుల జాగ ఉంటది. కొన్ని కాడ కూరగాయల మడులు ఉంటయి గానీ, వాటిల చెయ్యి పెట్టేది పెద్దోళ్లే. అంగన్‌వాడీ టీచరక్కను అడిగి ఒక ఆదివారం ఆ జాగ తవ్వుండ్రి. ఒక్కొక్క పిల్లకు జానెడు మడి, చుట్టూ అందరికి కల్సి ఒకటి. మెంతులు నాలుగైదు దినాలల్ల మొలక చూపిస్తయి, పసిపిల్లల ఓపికకు సరిపోతయి. చిక్కుడు గింజ పెద్దగ ఉంటది, చిన్న వేళ్లకు అందుతది. ఇంటి గింజలే ఇయ్యుండ్రి. మందు కలిపిన ప్యాకెట్ ఇత్తనం పిల్లల చేతికి రావొద్దు. తవ్వినంక చేతులు కడిగించుండ్రి. నీళ్లు వాళ్లనే పొయ్యనియ్యుండ్రి. ఒక మడి ఎండిపోతే మీరు పోయి బాగుచెయ్యకుండ్రి, ఎందుకు ఎండిందని పిల్లనే అడుగుండ్రి.

ఫ్రోబెల్ తన తోటకు పేరు పెట్టింది జూన్‌ల. పోయింది కూడా జూన్‌లనే. మన బడులు తెరిచేది, మిరుగు పడి తొలకరి వచ్చేది కూడా అదే నెల. ఈసారి బడి తెరిచేనాడు పిల్లగాని సంచిల పెన్సిల్ పక్కన నాలుగు చిక్కుడు గింజలు కూడా ఏసి పంపుండ్రి. కేజీ అనే పేరుకు అర్థం ఏందని ఎవలన్న అడిగితే, వాడు చేతుల గింజ చూపెడ్తడు.